గాలి పట్టిన తలుపు

గని నోటి దగ్గర, లాంపు గది కిటికీకి ఎదురుగా, ఒక ఇనప కమ్మీకి దారంతో కట్టిన కోడి ఈక వేలాడుతూ ఉండేది. దాన్ని కట్టింది దీపాలక్క. కట్టి ఇరవై రెండేళ్ళయింది. ఈకలు మారాయి, దారాలు మారాయి, ఆవిడ అలవాటు మాత్రం మారలేదు. దీపాల గాజులు తుడుస్తూ తుడుస్తూ రెండు నిమిషాలకోసారి తలెత్తి ఆ ఈక వైపు చూసేది. ఈక గని వైపు వాలి వణుకుతుంటే అవతల ఫ్యాను తిరుగుతున్నట్టు. ఫ్యాను తిరుగుతుంటే పైగాలి ఈ గోతిలోంచి దిగి, కింద సొరంగాలన్నీ చుట్టి, అక్కడి విషాన్ని వెంటబెట్టుకుని అవతలి గోతిలోంచి పైకి పోతున్నట్టు. అంటే కిందికి దిగినవాళ్ళు ఊపిరి పీలుస్తున్నట్టు.

"ఆ ఈకని అంతలా చూస్తావేంటక్కా? నీకేమైనా కన్ను కొడుతోందా?" అనేది క్యాంటీను వదిన, టీ గ్లాసు కిటికీలో పెడుతూ.

"కన్ను కొట్టినా బాగుండును. అది తల వాల్చిందంటే మాత్రం మన కొంప మునిగినట్టే."

"ఎందుకు వాలుస్తుందిలే. అక్కడ కూర్చున్నది నీ తమ్ముడు గదా. పెళ్ళాం పురుట్లో పోయిన రోజు కూడా డ్యూటీ దిగేదాకా ఫ్యాను వదల్లేదంట ఆ మహానుభావుడు."

వదిన నోరు పెద్దది, చెయ్యీ పెద్దదే. మొగుడు గనిలో బొగ్గు కోసే మిషను మీద పనివాడు, సన్నగా రివటలా ఉంటాడు. "మా ఆయన్ని గాలికి ఎగిరిపోకుండా నేనే కట్టేసి ఉంచాను" అని నవ్విస్తూ ఉండేది. పొద్దున్నే అతను దీపం తీసుకునేటప్పుడు మాత్రం ఆమె క్యాంటీను గుమ్మంలోంచి ఒక్క మాట లేకుండా చూస్తూ నిలబడేది. ఆ చూపు దీపాలక్కకు తెలుసు.

గనిలోకి దిగే ప్రతి మనిషీ ఆవిడ దగ్గర మంట బయటికి రాకుండా మూసిన ఒక గాజు దీపం తీసుకోవాలి, కొక్కేనికి ఉన్న తన ఇత్తడి బిళ్ళ తీసి మెళ్ళో వేసుకోవాలి. పైకి వచ్చాక రెండూ తిరిగి ఇవ్వాలి. ఎన్ని కొక్కేలు ఖాళీగా ఉంటే అంతమంది కింద ఉన్నట్టు. సాయంత్రం చివరి బిళ్ళ వచ్చేదాకా ఆవిడ కుర్చీలో వెన్ను ఆనించేది కాదు. వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారని నమ్మకం లేని మనిషి ఆవిడ. ఆ నమ్మకం పన్నెండో ఏటే పోయింది.

తల్లి ఒక పొద్దున సంచి పట్టుకుని గడప దాటుతూ "సాయంత్రం వస్తా" అంది. రాలేదు. అప్పటికి తమ్ముడికి అయిదేళ్ళు. "అమ్మేదే?" అని వాడు అడిగినప్పుడల్లా "సాయంత్రం వస్తుందిరా" అని చెప్పేది. ఎన్ని సాయంత్రాలు చెప్పిందో! ఒక రోజు వాడే అడగడం మానేశాడు.

వాణ్ణి నిద్రపుచ్చడానికి ఆవిడ దగ్గర ఒకే ఒక కథ ఉండేది. పచారీ కొట్టులో పొట్లాలు కట్టడానికి పడేసిన పాత పుస్తకం ఒకటి దొరికితే, కొట్ల మీది బోర్డులు చూసి నేర్చుకున్న అక్షరాలతో కూడబలుక్కుని చదివింది. అందులోది ఆ కథ. వాయుదేవుడికి ఒక కొడుకు. ఆ పసివాడు సూర్యుణ్ణి చూసి పండనుకుని ఎగిరాడు. స్వర్గానికి రాజు కోపంతో పిడుగు విసిరాడు. అది పిల్లాడి దవడకు తగిలింది. పిల్లాడు కొండ మీద పడ్డాడు. వాయుదేవుడు మారు మాట్లాడలేదు. కొడుకుని ఎత్తుకుని ఒక గుహలోకి వెళ్ళి, ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చున్నాడు. అంతే, లోకంలో గాలి లేదు. ఆకు కదల్లేదు. పక్షులు రాళ్ళలా రాలాయి. మనుషుల కీళ్ళు బిగుసుకున్నాయి. దేవతలకు కడుపులు ఉబ్బి, ఒడ్డున పడ్డ చేపల్లా నోళ్ళు తెరిచారు.

అక్కడికి పేజీ అయిపోయింది. ఆ తర్వాతి పేజీల్లో ఎవరో పప్పో ఉప్పో కట్టుకుపోయారు.

"తర్వాత?" అనేవాడు తమ్ముడు.

"తర్వాతేముంది. అంతే. వాయుదేవుడి కొడుకు జోలికి మళ్ళీ ఎవడూ రాలేదు."

ఆ ముగింపు వాడికి ఎంతో ఇష్టం. తండ్రి మొహం తెలియని, తల్లి తిరిగిరాని పిల్లాడు గుప్పిళ్ళు బిగించుకుని ఆ మాట మీద హాయిగా నిద్రపోయేవాడు.

నలభయ్యో ఏట ఆవిడకి పుస్తకం పూర్తిగా దొరికింది. చివర చదివింది. కాని అప్పటికి తమ్ముడికి మీసాలొచ్చి, పెళ్ళయి, పెళ్ళాం పోయి, చంకలో కొడుకున్నాడు. మీసాలొచ్చిన వాణ్ణి కూర్చోబెట్టి కథ చెబుతారా ఎవరైనా? ఊరుకుంది.

గనిలో అందరూ వాణ్ణి గాలోడు అనేవారు. మామూలుగా ఆ మాట పనీపాటా లేకుండా తిరిగేవాడికి వాడతారు. ఇతనేమో ఇరవై రెండేళ్ళుగా ఫ్యాను గది వదిలి కదిలింది లేదు. అందుకే ఆ పేరు పెట్టినవాడికి గనిలో గొప్ప చమత్కారి అని పేరొచ్చింది.

ఆ రోజు పొద్దున షిఫ్టులో నలభై ముగ్గురు దిగారు. వాళ్ళలో గాలోడి కొడుకు ఒకడు. ఇరవై ఒక్కేళ్ళవాడు, అప్పుడే పదిమందికి మేస్త్రీ అయ్యాడు. దీపం తీసుకుంటూ, "అత్తా, గాజు మీద నీ వేలిముద్ర ఉంది. కింద చీకట్లో దాన్ని చూసుకుంటూ కూర్చోనా?" అన్నాడు.

"కూర్చో. కనీసం ఆ కాసేపైనా నోరు మూసుకుని ఉంటావు" అంది.

పది గంటల వేళ లిఫ్టు గంట మూడుసార్లు మోగింది. మూడంటే దెబ్బ తగిలిన మనిషి వస్తున్నాడని. దీపాలక్క గుడ్డ పడేసి పరిగెత్తింది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చింది మేనల్లుణ్ణే. వాడి మొహం కింది సగం మొహంలా లేదు. దవడ ఒక పక్కకి ఒరిగిపోయి, పళ్ళు కొన్ని చొక్కా మీద ఉన్నాయి. చెవి వెనకనుంచి కారిన నెత్తురు మెడలో బిళ్ళని కప్పేసింది.

"చిన్న మేనేజరు కొట్టాడక్కా," అన్నాడు మోసుకొచ్చిన వాళ్ళలో ఒకడు, వగరుస్తూ. "మూడో సొరంగంలో దీపం మంట నీలంగా మారుతోంది, చెడ్డగాలి పట్టింది, మంచిగాలి సరిపోవట్లేదు, నా మనుషుల్ని పంపను అన్నాడు వీడు. ఎదురు చెప్తావురా అని ఆ ఇనప పొన్ను కర్రతో మొహం మీద కొట్టాడు. పడిపోయాక ఇంకోటి కొట్టాడు."

ఆ మాట ఆవిడ ఒక్కతే వినలేదు. గంట విని గాలోడు కూడా వచ్చాడు. ఫ్యాను తిరుగుతుండగా గది వదిలి రావడం ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. కొడుకు మొహం చూశాడు. వేలాడుతున్న చెయ్యి చూశాడు. ఎవరు కొట్టారో విన్నాడు.

దీపాలక్క మేనల్లుణ్ణి లాంపు గది బల్ల మీద పడుకోబెట్టించి, చేతికందిన దీపపు గాజు ఒకటి తీసి వాడి ముక్కు దగ్గర పెట్టింది. ఏమీ లేదు. ఇంకొంచెం దగ్గరగా పెట్టింది. గాజు మీద సన్నగా, చిన్న నాణెమంత, ఆవిరి పట్టింది.

"ఉంది! ఊపిరుంది! ఒరే తమ్ముడూ, ఉన్నాడురా!"

వెనక్కి తిరిగితే తమ్ముడు లేడు.

ఎందుకో కిటికీ వైపు చూసింది. ఈక తిన్నగా కిందికి వేలాడుతోంది. వణకడం లేదు.

కట్లు కట్టే అతను పెట్టెతో వస్తూ కనిపిస్తే, "వీడి దగ్గరే ఉండు, ఫోను మోగితే ఎత్తు" అని చెప్పి, చేతిలో గాజు చేతిలోనే ఉండగా పరుగందుకుంది. అప్పటికే సైరను మొదలైంది. మరమ్మతు షెడ్డులోంచి సుత్తులతో మనుషులు పరిగెత్తుకొస్తున్నారు. కింద మామలు, బావలు, అన్నదమ్ములు ఉన్నవాళ్ళు. అందరికంటే ముందు క్యాంటీను వదిన, చేతిలో పొయ్యి కదిపే ఇనప చువ్వతో.

"గాలోడు తలుపేసుకున్నాడంట! ఫ్యాను ఆపేశాడంట! నీ తమ్ముడక్కా, నీ తమ్ముడు!"

"నేను తెరిపిస్తాను, ఒక్క నిమిషం ఆగండే తల్లీ."

"నిమిషమా? కింద నా మొగుడు ఊపిరాడక చస్తుంటే నిమిషమా?"

ఫ్యాను గది తలుపు దళసరి ఇనపది, బయటికి తెరుచుకుంటుంది. ఫ్యాను తిరుగుతుంటే లోపలి గాలి ఆ తలుపుని ఎంత గట్టిగా లాగి పట్టుకుంటుందంటే, ఇద్దరు మనుషులు గునపం పెట్టి లాగితే గాని రాదు. తలుపు మధ్యలో అరచేయంత రేకు కిటికీ ఉంటుంది. ముందు అది జరిపితే బయటి గాలి లోపలికి పోయి తలుపు లొంగుతుంది. ఇప్పుడు ఫ్యాను లేదు కాబట్టి తలుపుకి బలమూ లేదు. లోపలి గడియ ఒక్కటే.

"నేనురా. అక్కని."

గడియ కదిలింది. ఆవిడ దూరగానే మళ్ళీ పడింది. బయట మొదటి సుత్తి దెబ్బ తలుపుకి తగిలింది.

ఆ గదిలో నిశ్శబ్దాన్ని ఆవిడ ఎన్నడూ వినలేదు. మనిషంత రెక్కలు నాలుగు, చలనం లేకుండా నిలబడి ఉన్నాయి. తమ్ముడు పెద్ద రెంచీ ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వెనక గోడ మీద రెండు మీటలు, పచ్చది ఒకటి, ఎర్రది ఒకటి.

"ఒరే, పిల్లాడు బతికే ఉన్నాడు."

"అబద్ధం."

"గాజు పెట్టి చూశానురా. ఇదిగో, ఆవిరి పట్టింది!"

చాచిన చేతిలో గాజుని గాలోడు చూశాడు. ఇంత దూరం పరిగెత్తుకొచ్చిన గాజు మీద ఆవిరి ఎక్కడుంటుంది? తళతళలాడుతోంది.

"ఎక్కడుందక్కా?"

"ఆరిపోయిందిరా, ఇందాక ఉంది..."

"సాయంత్రం వస్తుందని కూడా ఇలాగే చెప్పేదానివి." అతని గొంతులో కోపం లేదు. అదే ఆవిడకి ఎక్కువ భయం వేసింది. "ఎన్నేళ్ళు చెప్పావు? నేను నమ్మినట్టు నటించేవాణ్ణి. నువ్వు ఏడుస్తావని."

ఆవిడ గాజుని కొంగున ముడేసుకుంది. తలుపు మీద దెబ్బలు పెరిగాయి. గోడ సున్నం రాలి ఆవిడ జుట్టు మీద పడింది.

"కింద నలభై మంది ఉన్నారురా. ఆ ఒక్క వెధవ కోసం అందర్నీ చంపుతావా?"

"వాయుదేవుడు ఎంచి ఆపాడా?"

ముప్పావు జీవితం కిందట చీకటి గదిలో ఆవిడ అల్లిన ముగింపు ఇక్కడికొచ్చి కూర్చుంది, రెంచీ పట్టుకుని.

"ఆ కథ అంతటితో అయిపోలేదురా. నా పుస్తకంలో చివర పేజీలు లేవు. నాకు తెలియక నేనే ఏదో చెప్పాను. దేవతలు గుహకి వచ్చారు. పిల్లాణ్ణి తాకారు. పిల్లాడు లేచి కూర్చున్నాడు. వాడు లేచిన మరుక్షణం వాయుదేవుడు పగా పట్టింపూ మర్చిపోయి, ముందు లేచి లోకంలోకి పరిగెత్తాడు. ఎవడు కొట్టాడో ఎవడు కొట్టలేదో చూడలేదు. అందరి ముక్కుల్లోకీ వెళ్ళాడు. కొట్టినవాడి ముక్కులోకి కూడా."

"అది పుస్తకంలో కథ. నాకు నువ్వు చెప్పిందే కథ."

"నేను చెప్పింది తప్పురా నాయనా!" అని అరిచింది. తమ్ముడి మీద ఎన్నడూ అరవని మనిషి. "నన్ను నమ్మకు. ఆ ఫోను ఎత్తు. లాంపు గదికి చెయ్యి. నా మాట వద్దు, వాడి ఊపిరే విను."

గాలోడు ముసలివాడు లేచినట్టు లేచి, గోడ ఫోను ఎత్తాడు. అవతల కట్లు కట్టే అతని గొంతు. "పిల్లాడి నోటి దగ్గర పెట్టు" అన్నాడు గాలోడు. అంతే. ఆవిడ కూడా చెవి ఆనించింది. మొదట ఏదో గరగర. తర్వాత గుర్రుమని, నెత్తురూ ఉమ్మీ కలిసిన శబ్దం. ఆగింది. మళ్ళీ గుర్రుమంది. విరిగిన దవడలోంచి దారి వెతుక్కుంటూ ఒక ఊపిరి వస్తోంది, పోతోంది.

గాలోడి మొహం పసిపిల్లాడి మొహంలా ముడుచుకుపోయింది. ఫోను అలాగే వదిలేసి పచ్చమీట మీదికి ఉరికాడు.

ఆవిడ రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుంది.

"కింద కరెంటు తీశారా?"

గాలోడు రాయిలా ఆగిపోయాడు.

ఆ గనిలో పనిచేసే ఎవరికైనా తెలిసిన సంగతే అది. ఫ్యాను ఆగితే కింద మూలమూలల్లో చెడ్డగాలి పొగలా పేరుకుంటుంది. ఫ్యాను మళ్ళీ వేస్తే అదంతా ఒక్క కుప్పగా కదిలి, తిరుగుతున్న మిషన్ల మీదుగా, వెలుగుతున్న లైట్ల మీదుగా దొర్లుకుంటూ వస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. పదకొండేళ్ళ కిందట పక్క గనిలో ఇదే జరిగింది. గాలి ఆగినందుకు ఒక్కడూ చావలేదు. గాలి వచ్చినందుకు చచ్చారు. అప్పట్నుంచీ రూలు: ఫ్యాను ఆగిన వెంటనే కరెంటు మేస్త్రీ కిందికి వెళ్ళే కరెంటు తియ్యాలి. తీశానని చెప్పాకే ఫ్యాను వెయ్యాలి. ఫ్యానుది వేరే లైను.

గాలోడు స్విచ్చి గదికి ఫోను చేశాడు. మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

దీపాలక్క రేకు కిటికీ జరిపి బయటికి చూసింది. ముందు వరసలో, రెండు చేతులా సుత్తి ఎత్తి తలుపుని బాదుతున్నది కరెంటు మేస్త్రీయే! అతని బావమరిది కింద ఉన్నాడు.

"కరెంటు తీశావా?" అని అరిచింది.

ఆ గోలలో ఆవిడ గొంతు ఈగ రొద. ఒక్క క్యాంటీను వదినకి మాత్రం ఆ కన్ను కనబడింది. "తియ్యవే తలుపు!" అంటూ ఇనప చువ్వ ఆ సందులోకి పొడిచింది. దీపాలక్క కనుబొమ చీలిపోయింది. వెనక్కి పడింది. పైనుంచి సుత్తి దెబ్బ రేకు మీద పడి రేకు వంకరపోయి, రెండు వేళ్ళ సందు వదిలి బిగుసుకుపోయింది.

"తీసి ఉండడక్కా," అన్నాడు గాలోడు, చొక్కా చించి ఆవిడ నుదుటికి అదుముతూ. "నాకు వాడి సంగతి తెలుసు. లైట్లు ఆరితే కిందవాళ్ళు చీకట్లో దారి తప్పుతారని అలాగే ఉంచేసి పరిగెత్తుకొచ్చి ఉంటాడు. జాలిగుండె దరిద్రుడు."

"తలుపు తీసి చెబుదాం."

"తీస్తే యాభైమంది తోసుకొస్తారు. ముందు వచ్చినవాడు ఆ పచ్చమీట నొక్కేస్తాడు. నీ మాట వినరు, నా మాట అసలే వినరు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తలుపు పై బందు ఒక మేకు ఊడి నేల మీద టింగుమంది.

"నేను వెళ్ళి మేస్త్రీ చెవిలో వేస్తాను," అన్నాడు గాలోడు. "నేను బయట పడితే వాళ్ళకి తలుపు గుర్తుండదు. నేను బయటికి దాటగానే నువ్వు గడియ వేసెయ్యి. మేస్త్రీ ఫోను చేసేదాకా మీట ముట్టుకోకు. ఎవరు ఏడ్చినా, ఎవరు అరిచినా."

"వద్దురా. చంపేస్తారు."

"అక్కలే మాట వినాలక్కా, తమ్ముళ్ళు కాదు" అన్నాడు. చిన్నప్పుడు అన్నం తినమంటే తనని ఏడిపించడానికి అచ్చం ఇలాగే తిరగేసి మాట్లాడేవాడు. రెంచీ కింద పెట్టేశాడు. గడియ మీద చెయ్యి వేసి, ఆవిడ వైపు తిరక్కుండా అన్నాడు: "సాయంత్రం వస్తానులే."

తలుపు మనిషి పట్టేంత తెరుచుకుంది, మూసుకుంది. ఆవిడ గడియ వేసింది. తన చేత్తోనే వేసింది.

రెండు వేళ్ళ సందులోంచి చూసింది. గాలోడు చేతులు పైకెత్తి ఏదో చెప్పబోయాడు. మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. అతను వంగాడు. వంగిన వీపు మీద పారలు, సుత్తి కామలు, బూట్లు. మనుషులు అరవడం కూడా మానేశారు. పని చేస్తున్నట్టు కొడుతున్నారు, బొగ్గు పగలగొడుతున్నట్టు, వంతులవారీగా. ఒకడి చెయ్యి ఎత్తితే ఇంకొకడి చెయ్యి దిగుతోంది. వాళ్ళందరి ఇళ్ళవాళ్ళకీ ఆవిడ పొద్దున దీపాలు ఇచ్చిన మనిషే. ఒక్కొక్కరి చెయ్యీ ఆవిడకి తెలుసు.

గాలోడు వాళ్ళని వదిలించుకోవడానికి చూడలేదు. కొడుతున్న కాళ్ళ మధ్యలోంచి మోచేతుల మీద పాక్కుంటూ కరెంటు మేస్త్రీ వైపు వెళ్ళాడు. మేస్త్రీ సుత్తి అతని భుజం మీద దిగింది. ఎముక విరిగిన శబ్దం ఆ ఇనప తలుపు దాటి వినిపించింది. విరిగిన భుజంతోనే గాలోడు మేస్త్రీ నడుం పట్టుకుని పైకి లేచాడు, మెడకి చెయ్యి చుట్టాడు, పాత స్నేహితుణ్ణి కౌగిలించుకున్నట్టు. నోరు చెవికి ఆనించాడు.

మేస్త్రీ ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. సుత్తి జారవిడిచి, మనుషుల్ని తోసుకుంటూ స్విచ్చి గది వైపు పరుగు పెట్టాడు.

పారిపోతున్నాడనుకున్నారో ఏమో, మిగిలినవాళ్ళు అటు చూడనైనా చూడలేదు. క్యాంటీను వదిన చువ్వని రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది.

ఫోను మోగింది.

"తీశానక్కా! తీసేశాను! వెయ్యండి!" మేస్త్రీ ఏడుస్తున్నాడు.

ఆవిడ పచ్చమీట నొక్కింది.

రెక్కలు మూలిగాయి. ఒకటి కదిలింది, దాని వెనక ఇంకొకటి. నాలుగూ ఒకటై, గాలి గుండ్రంగా లేచి, గది అంతా ఒక్క పెద్ద గొంతయింది. నేల అదిరింది. ఆవిడ అప్పటికే తలుపు దగ్గర ఉంది. గడియ లాగి భుజంతో తోసింది.

తలుపు రాలేదు.

గాలి దాన్ని పట్టేసింది. వంకరపోయిన రేకుని గోళ్ళు విరిగేలా లాగింది, జరగలేదు. రెండు వేళ్ళ సందులోంచి బయటిగాలి ఈల వేస్తూ లోపలికి దూసుకొస్తోంది, ఆవిడ కళ్ళలోకి దుమ్ము కొడుతోంది. ఆ ఈలలో బయటి శబ్దం ఏదీ వినిపించడం లేదు. కనిపించడం మాత్రం కనిపిస్తోంది. చువ్వ పైకి లేచింది, దిగింది. మళ్ళీ లేచింది.

"ఫ్యాను వేశానే! చూడండి, వేశాను! వదలండి వాణ్ణి!"

మాట నోట్లోంచి రాగానే గాలి దాన్ని గోతిలోకి లాక్కుపోయింది.

వెనక గోడ మీద ఎర్రమీట ఉంది. నాలుగడుగుల దూరం. నొక్కితే రెక్కలు ఆగుతాయి, తలుపు వదులవుతుంది, ఆవిడ బయటికెళ్ళి తమ్ముడి మీద అడ్డం పడుకోవచ్చు. నాలుగే అడుగులు. ఆవిడ వేసింది. వేలు మీట మీద పెట్టింది. చల్లగా ఉంది మీట. ఈపాటికి కింద చెడ్డగాలి కదలడం మొదలుపెట్టి ఉంటుంది. ఇప్పుడు ఆగితే, చీకట్లో తడుముకుంటూ లిఫ్టు వైపు నడుస్తున్నవాళ్ళ మీదే అది నిలబడిపోతుంది. పైకొచ్చిన ముగ్గురు పోగా ఇంకా నలభై కొక్కేలు ఖాళీగా ఉన్నాయి.

వేలు తీసింది. తీసి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుంది, అది తన మాట వినదేమోనని. తలుపుకి వీపు ఆనించి నేల మీద కూలబడింది. వెనక ఇనుము సన్నగా అదురుతోంది. అది గాలి అదురో, దెబ్బల అదురో ఆవిడకి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

ఎంతసేపయిందో. బయటినుంచి ఇద్దరు గునపం పెట్టి లాగితే తలుపు ఊడొచ్చింది.

ఫ్యాను చప్పుడు విన్నాక గుంపు దానంతట అదే విడిపోయింది. పనిముట్లు ఎక్కడివక్కడ పడేసి ఉన్నాయి, ఏదీ ఎవరిదీ కానట్టు. అవతల లిఫ్టు పైకొస్తోంది, దిగుతోంది. దగ్గుతూ, కక్కుకుంటూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని మనుషులు వస్తున్నారు. చిన్న మేనేజరు కూడా వచ్చాడు. నోరు తెరిచి గాలి మింగుతున్నాడు, ఒడ్డున పడ్డ చేపలా. కొట్టినవాడి ముక్కులోకీ వెళ్ళింది గాలి.

క్యాంటీను వదిన గాలోడి పక్కనే నేల మీద కూర్చుని ఉంది. చువ్వ ఇంకా చేతిలోనే ఉంది. ఆమె మొగుడు, ఆ రివటలాంటి మనిషి, తూలుకుంటూ వచ్చి "ఏమేవ్, నేనే. వచ్చేశాను" అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"అక్కా," అంది వదిన. "ఫ్యాను తిరుగుతోందని నాకు వినబడలేదక్కా. నిజంగా వినబడలేదు."

దీపాలక్క వంగి తమ్ముడి తల ఒళ్ళోకి తీసుకుంది. అయిదేళ్ళప్పుడు ఎంత బరువుండేదో ఇప్పుడూ అంతే ఉందనిపించింది. కొంగుకి ముడేసుకున్న దీపపు గాజు, ఇంత గోలలోనూ పగలనిది, తీసి అతని పెదాల దగ్గర పెట్టింది. ఆగింది. ఇంకొంచెం దగ్గరగా పెట్టింది. ఆనించింది.

ముప్ఫై ఏళ్ళుగా గాజులు తుడుస్తున్న మనిషి ఆవిడ. అంత శుభ్రమైన గాజుని ఎన్నడూ చూడలేదు.

లాంపు గది ముందు మనుషులు దీపాలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. బిళ్ళలు తీసుకోవడానికి ఎవరో ఒకరు రావాలి. ఆవిడ లేచింది. నడుస్తూ నడుస్తూ, అలవాటు కొద్దీ, గాజుని నోటి దగ్గర పెట్టుకుని హా అని ఊది, కొంగుతో తుడవబోయింది. గాజు నిండా తెల్లగా ఆవిరి కమ్మింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తుడవకుండా అలాగే పట్టుకుని, అది అంచుల నుంచి మెల్లగా కరిగిపోయేదాకా చూస్తూ నిలబడింది. ఎదురుగా కమ్మీకి ఈక గని వైపు వాలి వణుకుతోంది.

"బిళ్ళలు ఇవ్వండి నాయనా," అంది. "ఒక్కొక్కరూ రండి."